ఎవరి గిన్నె వాళ్లది: మధ్యయుగాల చివర క్రైస్తవ మఠాల్లో ఆస్తి, పేదరికం, సంస్కరణ

1455వ సంవత్సరం. ఉత్తర జర్మనీలో హానోవర్‌కి దగ్గర్లో వెన్నిగ్‌సెన్ అనే ఊరు. అక్కడి సన్యాసినుల మఠం వాకిట్లో ఆ ప్రాంతాన్ని ఏలే డ్యూక్ విల్హెల్మ్ తన మనుషులతో నిలబడి ఉన్నాడు. పక్కన యోహానెస్ బుష్ అనే మతాధికారి. మఠాన్ని సంస్కరించడానికి వచ్చారు. లోపలివాళ్లు ససేమిరా అన్నారు. సంస్కరణకు లొంగబోమని అందరం కలిసి ఒట్టు వేసుకున్నాం, ఆ ఒట్టు తప్పే పాపం మాతో చేయించొద్దు అని తెగేసి చెప్పారు. చివరికి బలవంతంగా లోపలికి వెళ్లేసరికి, వాళ్లు ప్రార్థనాలయంలో నేల మీద చేతులు బార్లా చాపి సిలువ ఆకారంలో పడుకుని ఉన్నారు. ‘బతుకు నడిమధ్యనే చావులో ఉన్నాం’ అనే అర్థం వచ్చే లాటిన్ కీర్తనను గొంతు చించుకుని పాడుతున్నారు.

అది మామూలు పాట కాదు. ఎవరినైనా ఉద్దేశించి దాన్ని పాడితే వాళ్లకు కీడు మూడుతుందని అప్పటి జనం నమ్మేవారు. బిషప్ అనుమతి లేకుండా ఎవరి మీదా ఈ కీర్తన పాడకూడదని 1316లో కొలోన్‌లో జరిగిన మతసభ నిషేధం కూడా పెట్టింది. డ్యూక్‌కి గుండె జారిపోయింది, తన రాజ్యానికి ఏం ముంచుకొస్తుందోనని. తమ స్థానంలో నేనుంటే వంద బంగారు నాణేలిచ్చినా వద్దని ఈ పాటనే కోరుకుంటాను, ఇది శాపం కాదు, దీవెన అని ధైర్యం చెప్పినట్టు బుష్ తర్వాత రాసుకున్నాడు. ఈ కథంతా గెలిచినవాడు రాసుకున్నదేనని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంత రభస దేని కోసం? దేవుడి మీద నమ్మకంలో రెండు పక్షాలకూ తేడా లేదు. గొడవంతా సొంత వంటగిన్నెల దగ్గర, సొంత పెట్టెల దగ్గర, పుట్టింటి నుంచి ఏటా వచ్చే చిన్నపాటి రాబడి దగ్గర. మఠాల సంస్కరణ అనగానే, బాగా బలిసిన మఠాలు ఆస్తులు వదులుకుని పేదరికంలోకి తిరిగి వెళ్లడం అని అనుకుంటాం. 15వ శతాబ్దంలో జరిగింది దాదాపు దానికి తలకిందులు. చెదిరిపోయిన ఆస్తిని ఒక్కచోటికి చేర్చడం, పద్దులు సరిచేయడం, ఎవరి చేతిలోనూ ‘నాది’ అనేది లేకుండా చూడటం, వీటికే సంస్కరణ అని పేరు. మఠం ఎంత కలిగినదైనా ఫర్వాలేదు, మఠంలోని మనిషికి మాత్రం ఏమీ ఉండకూడదు.

ఈ తర్కానికి మూలం చాలా పాతది. బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో తొలి విశ్వాసుల గురించి, ఎవరూ తమకు ఉన్నదేదీ తమదని అనుకోలేదని, ఉన్నదంతా వారికి సమష్టిగా ఉండేదని చెప్పారు. 6వ శతాబ్దంలో ఇటలీలోని మోంటే కసీనోలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి దీన్ని అక్షరాలా పట్టుకుంది. సొంత ఆస్తి అనే చెడును వేళ్లతో సహా పెకిలించాలంటుంది 33వ అధ్యాయం. పుస్తకం, రాత పలక, కలం, ఏదీ సన్యాసి సొంతం కాదు. 54వ అధ్యాయం ప్రకారం కన్నవాళ్లు పంపిన ఉత్తరమైనా మఠాధిపతి అనుమతి లేకుండా తీసుకోకూడదు. 55వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి, మఠాధిపతి సన్యాసుల పరుపులు తరచూ ఎత్తి చూడాలంటుంది, కింద ఏమైనా దాచారేమోనని. దాచుకోవాల్సిన అవసరమే రాకుండా అంగీ, బూట్లు, నడికట్టు, చాకు, కలం, సూది, చేతిరుమాలు అన్నీ మఠమే ఇవ్వాలని కూడా అదే అధ్యాయంలో ఉంది. ఈ రెండో సగాన్ని తర్వాతి కాలం తరచుగా మర్చిపోయింది. ముందు ఇవ్వాలి, ఆ తర్వాతే వెతకాలి.

భయపెట్టడానికి కథలకూ కొదవ లేదు. జస్టస్ అనే సన్యాసి మూడు బంగారు నాణేలు దాచుకుని చనిపోయాడు. శవాన్ని పెంటకుప్పలో పూడ్చి, ఆ నాణేలు కూడా మీద పడేసి, ‘నీ డబ్బు నీతోనే నాశనమవుగాక’ అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. పోప్ మొదటి గ్రెగరీ చెప్పిన ఈ కథ మధ్యయుగాల పొడుగునా మఠాల్లో తిరుగుతూనే ఉంది. 1202లో పోప్ మూడో ఇన్నోసెంట్ దీనికి చట్టం బలం కూడా చేర్చాడు. సొంత ఆస్తి లేకపోవడం సన్యాసంలో విడదీయరాని భాగం, పోప్ కూడా దాన్ని సడలించలేడు అని.

మఠానికి మాత్రం ఈ నియమం వర్తించదు. సన్యాసి చనిపోతాడు, మఠం చావదు. పెళ్లిళ్లు, పంపకాలు, వారసుల కొట్లాటలు దానికి లేవు. ఒకసారి మఠం చేతిలో పడ్డ పొలం ఇక బజారుకు రాదు. అందుకే దాన్ని ‘చచ్చిన చేయి’ అన్నారు, పట్టు వదలదు కాబట్టి. భూమి అలా చర్చి చేతుల్లోకి జారిపోతుంటే తనకు రావాల్సిన రాబడులు పోతున్నాయని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1279లో అలాంటి దానాలకు అడ్డుకట్ట వేస్తూ శాసనమే తెచ్చాడు. సన్యాసి పేదవాడు, సన్యాసులంతా కలిస్తే జమీందారు.

మరి సొంత గిన్నెలు ఎక్కడి నుంచి వచ్చాయి? అత్యాశ వల్ల అని సంస్కర్తలు ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు సంగతి అంత తేలిక కాదు. ముందుగా మఠం ఆదాయం రెండుగా చీలింది: మఠాధిపతి వాటా, సన్యాసుల వాటా. మఠాధిపతి చనిపోయినప్పుడు కొత్తవాడు వచ్చేదాకా రాజో ప్రభువో ఆదాయమంతా లాక్కుపోకుండా ఈ ఏర్పాటు కాపాడేది. తర్వాత సన్యాసుల వాటా కూడా ముక్కలైంది. వంటశాల చూసేవాడికి ఈ పల్లె కౌలు, బట్టలు చూసేవాడికి ఆ మిల్లు రాబడి, రోగుల గది చూసేవాడికి ఇంకో తోట. దీనికి తోడు, పలానా పెద్దమనిషి వర్ధంతి రోజున ప్రార్థన చేస్తే సన్యాసులందరికీ అదనంగా చేపో, వైనో పెట్టాలని దానపత్రాలు వచ్చేవి. మెల్లగా ఆ చేప స్థానంలో చిల్లర చేతికిచ్చారు. బట్టలు ఇచ్చే బదులు బట్టల డబ్బు ఇచ్చారు. ఎవరూ ఏ రోజూ నియమం రద్దు చేయలేదు. సౌకర్యం కోసం పద్దులో చేసిన చిన్న చిన్న సర్దుబాట్లే మూడు నాలుగు తరాల్లో సన్యాసికి జీతం లాంటిది తెచ్చిపెట్టాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. మఠం నిజంగా పేదదైతే ఉమ్మడి పొయ్యి వెలగదు. యుద్ధాలు, కరువు, 1348 నాటి మహమ్మారి తర్వాత మనుషులు లేక బీడు పడ్డ పొలాలు, పడిపోయిన కౌళ్లు, వీటి మధ్య చాలా మఠాలు తమవాళ్లకు రెండు పూటలా తిండి పెట్టలేకపోయాయి. అప్పుడు ఇంటి నుంచి తిండి వస్తుంది. తిండి వస్తే అది పెట్టుకోవడానికి అర, అరకు తాళం, వండుకోవడానికి గిన్నె. మఠం పేదదైన కొద్దీ మనిషికి సొంతం పెరుగుతుంది. ఈ సూత్రం అర్థమైతే వెన్నిగ్‌సెన్ ఆడవాళ్ల మొండితనం వెనక ఉన్న భయం కూడా అర్థమవుతుంది. సొంత గిన్నె లాక్కుంటే సరే, రేపు ఉమ్మడి గిన్నెలో అన్నం ఉంటుందని హామీ ఎవరిస్తారు?

ఆడవాళ్ల మఠాలకు ఈ చిక్కు రెండింతలు. పేదరికం సాకుతో డబ్బు తీసుకుని ఆడపిల్లలను మఠంలో చేర్చుకుంటున్నారని 1215లో రోమ్‌లో జరిగిన లాటెరన్ చర్చి మహాసభ మండిపడింది. మాట నిజమే, కానీ అది సాకు మాత్రమే కాదు. 1298లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ సన్యాసినులు మఠం గడప దాటకూడదని శాసించాడు. మగ సన్యాసిలా ఊరూరా తిరిగి భిక్ష అడగడానికి వీల్లేదు, పొలం గట్టు దాకా వెళ్లి కౌలు లెక్క చూసుకోవడానికీ వీల్లేదు. అదే శాసనంలో, ఆదాయం ఎంతమందికి సరిపోతుందో అంతమందినే చేర్చుకోవాలని కూడా ఉంది. అంటే గోడల మధ్య ఉండాలంటే గోడల వెనక స్థిరమైన రాబడి ఉండాలి అని చర్చే ఒప్పుకున్నట్టు.

పై నుంచి దిద్దుబాటు ప్రయత్నాలు జరగకపోలేదు. పోప్ పన్నెండో బెనెడిక్ట్ స్వయంగా సిస్టర్షియన్ సన్యాసి. 1335లో తన సంఘానికి, 1336లో బెనెడిక్టీన్లకు విడివిడిగా పెద్ద శాసనాలు ఇచ్చాడు. అందులో మాంసం గురించి ఉన్న నిబంధన చదివితే నవ్వొస్తుంది. నాలుగు కాళ్ల జంతువుల మాంసం జబ్బుపడ్డవాళ్లకు తప్ప ఎవరికీ పెట్టకూడదని మూల నియమం. నియమం భోజనశాలకే వర్తిస్తుందని అర్థం చెప్పుకుని, చాలా మఠాల్లో పక్కన ఇంకో గది కట్టుకుని అక్కడ మాంసం తినేవారు. పోప్ ఏం చేశాడంటే, వారంలో నాలుగు రోజులు ఆ పక్క గదిలో తినొచ్చు గానీ ఏ రోజైనా కనీసం సగం మంది అసలు భోజనశాలలో కూర్చోవాలి అని రాజీ కుదిర్చాడు. అలవాటు నియమంగా మారడమంటే ఇదే. నిషేధించలేనిదాన్ని లెక్క పెట్టారు.

మఠానికి ఆస్తి ఉండొచ్చు, మనిషికి ఉండకూడదు అనే ఈ పాత ఒప్పందాన్నే కాదన్నవాడు అస్సీసి ఫ్రాన్సిస్. బట్టల వ్యాపారి కొడుకు, డబ్బు సంగతి దగ్గరగా తెలిసినవాడు. 1223లో పోప్ ఆమోదించిన అతని నియమావళి ప్రకారం సోదరులు, అంటే అతని సంఘంలో చేరినవాళ్లు, నాణెం ముట్టకూడదు, మధ్యవర్తి ద్వారా కూడా తీసుకోకూడదు. ఇల్లు గానీ స్థలం గానీ మరేదైనా గానీ తమదనుకోకూడదు. మనిషికే కాదు, సంఘానికి కూడా ఏమీ ఉండకూడదన్నమాట. అతని జీవిత కథల్లో ఒక ఘట్టం ఉంది. సోదరుల సమావేశం కోసం అస్సీసి ఊరివాళ్లు ఒక ఇల్లు కట్టించారు. ఫ్రాన్సిస్ వచ్చి చూసి, ఇంటి కప్పెక్కి పెంకులు పీకి కింద పారేయడం మొదలుపెట్టాడు. ఆ ఇల్లు మీది కాదు, ఊరిది అని కింద నుంచి ఎవరో అరిచారు. మీదైతే నేను ముట్టను అని దిగిపోయాడు. తర్వాతి వందేళ్ల న్యాయవాదమంతా ఈ పెంకుల కింద దాక్కుని ఉంది. ఆస్తి వేరొకరి పేరు మీద ఉంటే వాడుకోవచ్చా?

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవు కోసం పొలాన్ని, పొలం చూసుకోవడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనకు తెలిసిందే. ఫ్రాన్సిస్కన్ల కథ సరిగ్గా అలాగే నడిచింది, కాకపోతే అడుగడుగునా ఒక పోప్ సంతకం ఉంది. ఫ్రాన్సిస్ 1226లో పోయాడు. 1230లో తొమ్మిదో గ్రెగరీ, ఫ్రాన్సిస్ చివరి వీలునామా సోదరులను చట్టపరంగా కట్టడి చేయదని తేల్చి, వాళ్ల తరఫున డబ్బు ఖర్చుపెట్టడానికి బయటి మనిషిని పెట్టుకోవచ్చన్నాడు. 1245లో నాలుగో ఇన్నోసెంట్, సోదరులు వాడుకునేదంతా రోమన్ చర్చి సొత్తు అన్నాడు. 1279లో మూడో నికొలస్ దీన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచాడు: యాజమాన్యం పోప్‌ది, సోదరులది వట్టి వాడకం మాత్రమే, ఆ వాడకం మీద హక్కు కూడా వాళ్లకు లేదు.

కాగితం మీద ఇది చక్కగా ఉంది. నేల మీద చూస్తే పెద్ద పెద్ద చర్చిలు, గ్రంథాలయాలు, నిండిన గాదెలు. అన్నీ ‘పోప్‌వి’. దక్షిణ ఫ్రాన్స్‌కు చెందిన పీటర్ ఆలివి అనే సోదరుడు ఇక్కడే వేలు పెట్టాడు. పేరు ఎవరిదన్నది కాదు ప్రశ్న, ఎంత వాడుతున్నామన్నది. వాడకం కూడా పేదవాడి వాడకంలా ఉండాలన్నాడు. అతన్ని అనుసరించినవాళ్లు చిరిగి కురచైన అంగీలు తొడుక్కుని, ధాన్యం నిల్వలు వద్దని పట్టుబట్టారు. 1317లో పోప్ ఇరవై రెండో జాన్, అంగీ ఎంత పొడుగుండాలో, గాదెలు ఉండాలో వద్దో సంఘ పెద్దలే నిర్ణయిస్తారు, మీరు లోబడండి అని ఆజ్ఞాపించాడు. లోబడని నలుగురు సోదరులను 1318 మే 7న మార్సెయ్‌లో తగలబెట్టారు. అంగీ కొలత దగ్గర మొదలైన తగువు చితి దాకా వెళ్లింది.

చిత్రమేమిటంటే, ఈ మితవాడుక వాదాన్ని అణిచేసిన పోపే తర్వాత అసలు సిద్ధాంతం మీద కూడా గొడ్డలి వేశాడు. ఇరవై రెండో జాన్ న్యాయశాస్త్రం నూరిపోసుకున్న మనిషి. 1322 డిసెంబర్‌లో అతను అడిగింది సూటి ప్రశ్న. ఒక సోదరుడు గుడ్డు తిన్నాడు, లేదా జున్నుముక్క తిన్నాడు. తినేశాక ఇక అక్కడ ఏముంది? వాడకం ఒకరిది, యాజమాన్యం ఇంకొకరిది అని పొలం విషయంలో అనొచ్చు, ఇంటి విషయంలో అనొచ్చు. వాడితే మాయమైపోయే వస్తువు విషయంలో ఎలా అంటారు? రోమన్ చర్చి ఆ గుడ్డు మీద యాజమాన్యం తన దగ్గర ఉంచుకుందంటే బుద్ధి ఉన్నవాడెవడైనా నమ్ముతాడా? ఇక ఈ నాటకం చాలు, మీ వస్తువులకు మీరే యజమానులు అని పోప్ చేతులు దులుపుకున్నాడు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఇంకా ముందుకెళ్లి, క్రీస్తుకు, అపొస్తలులకు వ్యక్తిగతంగా గానీ ఉమ్మడిగా గానీ ఏ ఆస్తీ లేదని పట్టుబట్టి వాదించడం మతవిరోధమని ప్రకటించాడు.

ఫ్రాన్సిస్కన్ల తరఫు వకీలు బోనగ్రాజియా దీనికిచ్చిన జవాబు గుడ్డుకేమీ తీసిపోదు. గుర్రం దాణా తింటుంది. ఆ దాణాకు గుర్రం యజమాని అవుతుందా? తినడం వేరు, సొంతం కావడం వేరు. గుర్రంతో పోల్చుకోవడానికి సిద్ధపడ్డ వినయం ఒక పక్క, పోప్ మాటకు ఎదురు చెప్పే తెగువ ఒక పక్క. 1328 మే 26 రాత్రి సంఘాధిపతి చేసేనా మైకేల్, బోనగ్రాజియా, ఇంగ్లండ్ నుంచి వచ్చిన తత్త్వవేత్త విలియమ్ ఆక్హమ్ అప్పట్లో పోప్ ఉండే అవిన్యోన్ నుంచి పారిపోయి, పోప్‌తో కయ్యంలో ఉన్న బవేరియా చక్రవర్తి లూయీ పంచన చేరారు. మిగతా జీవితమంతా ఆక్హమ్ ఈ పోప్‌కి, ఆ తర్వాతి పోప్‌లకు వ్యతిరేకంగా రాస్తూనే గడిపాడు. హక్కు అంటే ఏమిటి, అనుమతికీ హక్కుకీ తేడా ఏమిటి అనే ప్రశ్నలు ఐరోపా రాజనీతిలోకి అంత పదునుగా రావడానికి ఈ తగువు ఒక కారణం. ఆస్తి వద్దన్నవాళ్ల కోసమే ఆస్తి హక్కును ఇంత సూక్ష్మంగా విడదీసి చూడాల్సి వచ్చింది.

ఈ కథలో క్లారా స్థానం వేరు. అస్సీసికే చెందిన ఈమె, తన సోదరీమణులకు ఏ ఆస్తీ అంటగట్టొద్దని బతికినంతకాలం పోప్‌లతో పోరాడింది. పేదరికాన్ని వదిలించుకోవడానికి మినహాయింపు అడిగేవాళ్లు వేలమంది ఉండగా, పేదగా ఉండే హక్కు కావాలని అడిగింది. ఆమె నియమావళికి ఆమోదం 1253 ఆగస్టు 9న వచ్చింది, ఆమె 11న కన్నుమూసింది. పదేళ్లకే, 1263లో, నాలుగో అర్బన్ ఇచ్చిన మరో నియమావళి ఆస్తిని, రాబడిని అనుమతించింది. ఆమె పేరు పెట్టుకున్న మఠాల్లో ఎక్కువ భాగం దాన్నే పాటించాయి. గడప దాటని ఆడవాళ్లకు భిక్ష ఎవరు తెస్తారు అన్న పాత ప్రశ్నే మళ్లీ గెలిచింది.

15వ శతాబ్దానికి వచ్చేసరికి వాదాలతో జనం విసిగిపోయారు. ఆ శతాబ్దపు సంస్కర్తలు సిద్ధాంతం కన్నా నిర్వహణ ఎరిగినవాళ్లు. వాళ్లలో అందరికన్నా తెలివైన పని చేసింది వెనిస్‌వాడైన లుడొవికో బార్బో అనిపిస్తుంది. 1409లో పాడువాలోని సాంతా జుస్తీనా మఠానికి అధిపతిగా వచ్చినప్పుడు అక్కడ మిగిలింది ముగ్గురే సన్యాసులు. అంత పెద్ద మఠం, అంత భూమి, ముగ్గురు. అప్పటి మఠాల అసలు జబ్బును బార్బో ఇక్కడే పట్టుకున్నాడు. మఠాధిపతి పదవి జీవితకాలపు పదవి. కాబట్టి అదొక ఆస్తి. ఆస్తి కాబట్టి పోప్ దాన్ని తనకు నచ్చినవాళ్లకు, ఏ కార్డినల్‌కో, ఎవరో దొరబిడ్డకో రాసివ్వగలడు. పదవి పొందినవాడు మఠంలో అడుగు కూడా పెట్టనక్కర్లేదు, ఆదాయం మాత్రం ఇంటికి వస్తుంది. పైకప్పు కారుతున్నా, సన్యాసులు పస్తులున్నా అడిగేవాడు లేడు.

బార్బో కనిపెట్టిన మందు పదవీకాలం కోత. 1419లో పోప్ ఐదో మార్టిన్ ఆమోదంతో ఏర్పడ్డ మఠాల సమాఖ్యలో ఏటా మహాసభ జరుగుతుంది. మఠాధిపతులను అదే నియమిస్తుంది, మారుస్తుంది. సన్యాసి ఒక మఠానికి కాక సమాఖ్య మొత్తానికి చెందుతాడు. జీవితకాలపు పదవే లేనప్పుడు దానం చేయడానికి పోప్ చేతిలో ఏముంటుంది? బెనెడిక్ట్ ఊహించిన తండ్రిలాంటి మఠాధిపతి ఈ ఏర్పాటులో మాయమయ్యాడు, ఆ స్థానంలో బదిలీ మీద వచ్చే అధికారి కూర్చున్నాడు. నియమాన్ని కాపాడటానికి నియమానికి ఆయువుపట్టులాంటి పదవినే మార్చేశారు. ఇది నష్టమే, కానీ గండం మాత్రం గట్టెక్కింది.

గండం ఎంత పెద్దదో తెలియాలంటే బెనెడిక్ట్ సొంత మఠమైన మోంటే కసీనో సంగతే చూడాలి. 1486లో దాని అధిపతి పదవి ఫ్లోరెన్స్ బ్యాంకర్ల కుటుంబానికి చెందిన జొవాన్ని దె మెదిచికి దక్కింది. 1475 డిసెంబర్‌లో పుట్టాడు, అంటే అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. పరుపుల కింద వెతకమన్న నియమావళి పుట్టిన చోట బ్యాంకర్ల పిల్లాడు అధిపతి. 1504లో పోప్ రెండో జూలియస్ ఆ మఠాన్ని బార్బో సమాఖ్యలో కలిపాకే ఆ ముడి విడింది.

ఆల్ప్స్ అవతల కూడా ఇలాంటి పనే వేరే రూపాల్లో జరిగింది. కాన్‌స్టాన్స్ ఊళ్లో చర్చి మహాసభ జరుగుతుండగా 1417లో జర్మన్ బెనెడిక్టీన్ మఠాధిపతులు పక్కనే పీటర్స్‌హౌసెన్‌లో సమావేశమయ్యారు. మరుసటి ఏడాది ఆస్ట్రియా డ్యూక్ ఐదో ఆల్‌బ్రెక్ట్ అండతో, ఒకప్పుడు వియన్నా విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉండి సన్యాసం తీసుకున్న నికొలాస్ జైరింగర్ మెల్క్ మఠం పగ్గాలు పట్టాడు. 1446లో బుర్స్‌ఫెల్డె సమాఖ్య తొలి మహాసభ జరిగింది. బుష్ చెందిన విండెస్‌హైమ్ సమాఖ్య నెదర్లాండ్స్‌లో పుట్టి జర్మనీలోకి పాకింది. ఇన్ని పేర్ల వెనక పద్ధతి ఒక్కటే: తాళాలు తీయడం, జాబితా రాయడం, అప్పులు తీర్చడం, ఉమ్మడి వంటశాల తెరవడం.

బుష్ రాతల్లో డెర్నెబుర్గ్ మఠం ఘట్టం ఈ తాళాలు తీసే పని ఎలా ఉండేదో కళ్లకు కడుతుంది. అక్కడ ఒక్కో సన్యాసినికి తిండీ తాగుడూ దాచుకోవడానికి సొంతంగా చిన్న నేలమాళిగ ఉంది. బుష్ ఒక్కొక్కదాన్లోకీ దిగి చూస్తూ వచ్చాడు. చివరి సన్యాసిని, మీరే దిగి చూడండి తండ్రీ, నాదీ మిగతావాళ్ల లాంటిదే అంది. ఇతను ఆలోచించకుండా దిగాడు. వెంటనే ఆమె పైనున్న తలుపు మూసి దాని మీద నిలబడింది. అరిచి గోల పెడితే గానీ బయటపడలేదు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా, ముందు నువ్వు నడువమ్మా, వెనక నేను వస్తాను అనేవాడట. సరదాగా చెప్పుకున్నాడు గానీ, ఆ నేలమాళిగల వరుసను ఒక్కసారి ఊహించుకుంటే నవ్వు ఆగిపోతుంది. ఒకే కప్పు కింద బతుకుతూ పక్కవాళ్ల తిండికీ తన తిండికీ మధ్య గోడ కట్టుకోవాల్సి వచ్చిన మఠం అది.

అన్నిచోట్లా కథ ఇంత తేలిగ్గా తేలలేదు. తిరోల్ కొండల్లో సోనెన్‌బుర్గ్ మఠాన్ని దిద్దబోయినవాడు మామూలు మనిషి కాదు. గొప్ప తత్త్వవేత్త, కార్డినల్, బ్రిక్సెన్ బిషప్ అయిన కూసా నికొలస్. ఎదురు నిలిచింది మఠాధిపతి వెరేనా ఫాన్ స్టూబెన్. గడప దాటకుండా ఉండటం ఒక తగువు, ఆ లోయల్లోని ఊళ్ల మీద కౌలు హక్కు, అధికారం ఎవరివన్నది ఇంకో తగువు. రెండూ పెనవేసుకుపోయాయి. ప్రార్థనల గురించి బిషప్ ఉత్తరం రాస్తే మఠం దాన్ని భూమి మీద కన్ను అనుకుంది, అనుమానం పూర్తిగా తప్పని చెప్పలేం. 1455లో ఆమెను మతబహిష్కారం చేశాడు. 1458లో కౌళ్లు వసూలు చేయడానికి మఠం కిరాయి సైనికులను ఎన్నెబెర్గ్ లోయలోకి పంపింది. బిషప్ పక్షం వాళ్లు దాడిచేసి యాభై మంది దాకా చంపారు. మఠ జీవితాన్ని శుద్ధి చేసే పనిలో అన్ని శవాలు లేచాయి.

ఫ్రాన్సిస్కన్లలో సంస్కరణ మళ్లీ అడుగు నుంచి మొదలైంది. 1368లో పావొలూచ్చో త్రించి ఉంబ్రియా కొండల్లో బ్రోల్యానో అనే మారుమూల చోటికి వెళ్లి నియమాన్ని ఉన్నదున్నట్టు పాటించడం మొదలుపెట్టాడు. అక్కడ మొదలైన ‘అబ్జర్వెంట్’ శాఖ సియెనా బెర్నార్డినో లాంటి ప్రసంగీకుల నోట ఊళ్లను కదిలించింది. వీళ్లు ముందటి తరం నుంచి ఒక పాఠం నేర్చుకున్నారు: పోప్‌తో సిద్ధాంతం వాదించకూడదు. గుడ్డు ఎవరిదన్న జోలికి పోకుండా, తక్కువ తిని ఊరుకున్నారు.

డబ్బు ముట్టని ఈ సోదరులే డబ్బు సంస్థలు పెట్టించడం చరిత్ర చేసిన చమత్కారం. పేదవాళ్లు వడ్డీవ్యాపారుల పాలబడకుండా తక్కువ ఖర్చుతో వస్తువు తాకట్టు మీద అప్పిచ్చే ధర్మనిధి 1462లో పెరూజాలో మొదలైంది, అబ్జర్వెంట్ల ప్రసంగాల ఫలితంగానే. దాని వెనక మచ్చ కూడా ఉంది. ఆ ప్రసంగాల్లో యూదు వడ్డీవ్యాపారుల మీద విషం దండిగా చిమ్మారు. నిర్వహణ ఖర్చుల కోసం ఆ నిధి తీసుకునే కాస్త రుసుము వడ్డీ కాదా అని యాభై ఏళ్లు కొట్టుకున్నాక, 1515లో చర్చి దానికి ఆమోదముద్ర వేసింది. పేదవాడి వాడకం గురించి అంత పట్టుబట్టిన ఆలివే ఒప్పందాల మీద, ధర మీద, పెట్టుబడి మీద లోతైన గ్రంథం రాశాడు. ఇప్పటి కామర్స్ పిల్లలు చదివే జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చులో వివరించిన లూకా పచోలి కూడా ఫ్రాన్సిస్కనే. సొంతం లేనివాడికి లెక్క స్పష్టంగా కనిపిస్తుందేమో.

1517 మేలో పోప్ పదో లియో ఫ్రాన్సిస్కన్లను అధికారికంగా రెండుగా చీల్చాడు. అబ్జర్వెంట్లకు అసలు సంఘం పేరు, ముద్ర దక్కాయి. ఆస్తి మినహాయింపులు ఉంచుకున్న కన్వెంచువల్స్ వేరు సంఘమయ్యారు. ఈ పదో లియో మరెవరో కాదు, చిన్నప్పుడే మోంటే కసీనో ఆదాయం అందుకున్న మెదిచి పిల్లాడే. అతను చీల్చింది ఫ్రాన్సిస్కన్లను గానీ, ఐదు నెలలు తిరిగేసరికి అంతకన్నా పెద్ద చీలిక, ప్రొటెస్టెంట్ ఉద్యమం, జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో మొదలైంది. అక్కడి మార్టిన్ లూథర్ కూడా సంస్కరణ పాలు తాగి పెరిగినవాడే. అతను చేరిన ఎర్‌ఫుర్ట్ మఠం అగస్టీనియన్లలో కఠిన శాఖది. 1510 చివర్లో రోమ్‌కి ప్రయాణం కట్టింది కూడా ఆ శాఖను మిగతావాళ్లతో కలపాలా వద్దా అన్న తగువు మీదే.

లూథర్ తర్వాత జర్మన్ ప్రభువులు మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు అదేదో రాత్రికి రాత్రి నేర్చిన విద్య కాదు. మఠం తలుపు తెరిపించడం, గిన్నెలతో సహా జాబితా రాయించడం, కొత్త పాలన పెట్టడం, వీటన్నిటిలో డ్యూక్‌లకు వందేళ్ల అనుభవం ఉంది. అది నేర్పింది బుష్ లాంటి నిష్ఠ గల సంస్కర్తలే. వెన్నిగ్‌సెన్ ప్రాంతంలో 1542 నాటికి డచెస్ ఎలిజబెత్ లూథర్ మార్గాన్ని తెచ్చింది. మఠాల ఆస్తిని మాత్రం రాజ ఖజానాలో కలిపేయకుండా విడిగా ఉంచారు. ఆ నిధిని ఇప్పుడు హానోవర్‌లో క్లోస్టర్‌కామర్ అనే సంస్థ చూసుకుంటోంది. వెన్నిగ్‌సెన్ మఠం లూథరన్ స్త్రీల మఠంగా ఈనాటికీ ఉంది. భవనాల మరమ్మతు ఖర్చు ఆ ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. లోపల ఉండే ఒక్కొక్కరికీ తన సొంత వంటగిన్నెలు ఉన్నాయి, ఎవరూ వచ్చి అడగరు.